పాత జీపుకు టర్బో ఇంజన్ – నాలుగవ పాఠం: ఇంజన్ కూర్చునే కోణం

గత పాఠం ముగిసేనాటికి రెండు చక్రాల డ్రైవ్ ఉన్న పాత కమాండర్ జీపు, దానిలోకి ఎక్కవలసిన బొలేరో డీఐ 2523 సీసీ టర్బో ఇంజన్, ఆ ఇంజన్‌తో వచ్చిన అయిదు గేర్ల గేర్‌బాక్సు మన షెడ్డులో సిద్ధంగా ఉన్నాయి. ఇంజన్‌నూ గేర్‌బాక్సునూ ఒకే బండి నుంచి జతగా తీసుకోవాలని మొదటి పాఠం నుంచీ చెబుతూ వచ్చాను. ఫ్లైవీల్, క్లచ్ ప్లేటు, బెల్ హౌసింగ్ ఒకదానికొకటి ముందే అమరి ఉంటాయి కనుక రెండింటినీ కలిపే అడాప్టర్ ప్లేటు చేయించే ఖర్చూ, దానివల్ల వచ్చే మధ్యరేఖ తేడాల బెడదా మనకు ఉండవు.

రవాణా శాఖ అనుమతి ఇంకా చేతికి రానివారు ఈ పాఠం చదువుకొని పని మాత్రం ఆపుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ఇంజన్ మార్పును రిజిస్ట్రేషన్ అధికారి ఆమోదానికి లోబరుస్తుంది. 2019 సవరణతో మారిన 182ఏ సెక్షన్ ప్రకారం, చట్టం ఒప్పుకోని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు.

ఇక అసలు విషయం. చాలా షెడ్లలో బానెట్ కింద ఉన్న ఖాళీని చూసి ఇంజన్‌ను దించి, దాన్ని ఛాసిస్‌కు పట్టి ఉంచే ముందు మౌంటింగులకు వెల్డింగ్ పెట్టేసి, గేర్‌బాక్సు తోక ఎక్కడ ఆగితే అక్కడ క్రాస్ మెంబర్ (ఛాసిస్‌కు అడ్డంగా ఉండే దూలం) కట్టి, మిగిలిన దూరానికి, గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాలకు బలం అందించే జాయింట్ షాఫ్ట్‌ను కోయిస్తారు. ఇది తలకిందులైన క్రమమని నా గట్టి అభిప్రాయం. ఇంజన్ ఎక్కడ, ఎంత వాలుగా కూర్చోవాలో నిర్ణయించవలసింది వెనక ఉన్న హౌసింగే (వెనక చక్రాల ఇరుసు ఉండే గూడు) తప్ప ముందున్న రేడియేటర్ కాదు.

ఇంజన్ ఇచ్చే బండిని విప్పకముందే, చదునైన సిమెంటు నేల మీద నిలబెట్టి, ఆ ఇంజన్ వెనక్కి ఎన్ని డిగ్రీలు వాలి ఉందో కొలిచి రాసి పెట్టుకోవాలి. ఈ కొలత టర్బోకు ప్రాణాధారం. టర్బో మధ్యభాగం గుండా పోయిన ఆయిల్, ఇంజన్ అడుగున ఉన్న ఛాంబర్‌లోకి తిరిగి రావడానికి పంపు సాయమేమీ ఉండదు. అది తన బరువుతో తానే కిందికి జారాలి. ఇంజన్‌ను మరీ వాల్చినా, ఛాసిస్‌కు తగులుతుందని రిటర్న్ పైపును వంచి మధ్యలో పల్లం చేసినా ఆయిల్ అక్కడ నిలిచిపోతుంది. నిలిచిన ఆయిల్ సీళ్లను దాటి సైలెన్సర్ వైపో, గాలి పైపు వైపో పోతుంది. నీలం పొగ కనబడగానే టర్బో పాడైందని కొత్తది కొనేవారు ఈ పైపును ఒక్కసారి తడిమి చూస్తే ఆ ఖర్చు తప్పవచ్చు. అందుచేత పాత బండిలో ఉన్న వాలునే, ఒకటి రెండు డిగ్రీల తేడాకు మించకుండా, కొత్త చోట కూడా నిలపాలి.

ఇప్పుడు చైన్ పుల్లీతో ఇంజన్‌నూ గేర్‌బాక్సునూ కలిపే దించండి. జీపు తన చక్రాల మీదే నిలబడి ఉండాలి. ఛాసిస్ కింద జాకీ పెట్టి హౌసింగ్‌ను గాలిలో వదిలితే కమాన్ కట్టలు సాగిపోయి కొలతలన్నీ అబద్ధమవుతాయి. గేర్‌బాక్సు కింద జాకీ ఉంచి, ముందు మౌంటింగులకు నాలుగు చుక్కల వెల్డింగ్ మాత్రమే పెట్టండి.

అయస్కాంతం ఉన్న డిజిటల్ కోణమాపకంతో మూడు చోట్ల చూడాలి. గేర్‌బాక్సు వెనక ఫ్లాంజి (షాఫ్ట్‌ను బోల్టులతో బిగించే చదును బిళ్ల) మీద గ్రీజునూ తుప్పునూ గుడ్డతో తుడిచి, మాపకాన్ని ఆ ముఖానికి నిలువుగా ఆనించండి. తరవాత జాయింట్ షాఫ్ట్ గొట్టం మీద, చివరకు హౌసింగ్ పినియన్ (షాఫ్ట్ తిప్పే చిన్న పళ్లచక్రం) ఫ్లాంజి మీద. ఫ్లాంజి ముఖం నిలువు నుంచి ఎంత తప్పితే, దాని షాఫ్ట్ మట్టం నుంచి అంత వాలినట్టు. ఉదాహరణకు గేర్‌బాక్సు వెనక్కి 4 డిగ్రీలు, షాఫ్ట్ వెనక్కి 6 డిగ్రీలు వాలి, పినియన్ ముక్కు 1 డిగ్రీ మాత్రమే పైకి ఉందనుకుందాం. షాఫ్ట్ రెండు చివరలా వంగుతూ తిరిగే కీళ్లే క్రాస్‌లు. ముందు క్రాస్ దగ్గర తేడా 2 డిగ్రీలు, వెనక క్రాస్ దగ్గర 5 డిగ్రీలు. వంగి తిరిగే క్రాస్ ఒక్కొక్క చుట్టులో షాఫ్ట్ వేగాన్ని రెండుసార్లు పెంచి, రెండుసార్లు తగ్గిస్తుంది. రెండవ క్రాస్ అంతే కోణంలో ఉంటేనే ఆ హెచ్చుతగ్గులను రద్దు చేస్తుంది. ఇక్కడ రెండింటికీ 3 డిగ్రీల వ్యత్యాసం ఉంది కనుక బండి వేగం అందుకోగానే అదురుతుంది.

కమాన్ కట్టకూ హౌసింగ్ దిమ్మకూ మధ్య 2 డిగ్రీల వాలు ఉన్న ఉక్కు పలక పెట్టి పినియన్ ముక్కును 3 డిగ్రీలకు లేపితే వెనక తేడా 3 డిగ్రీలకు దిగుతుంది. ముందుదానితో పూర్తిగా సమానం చేయకుండా ఆ 1 డిగ్రీని కావాలనే వదులుతున్నాను. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కమాన్ కట్టలు మెలితిరిగి పినియన్ ముక్కు పైకి లేస్తుంది. టర్బో బలం తోడైతే ఆ మెలిక ఇంకా ఎక్కువ. నిలబడినప్పుడు కాస్త దిగువన ఉన్నది లోడు మీద సరిగ్గా సమానమవుతుంది. క్రాస్ దగ్గరి కోణాన్ని సున్నాకు తేవాలన్న ఆశ కూడా వద్దు. కోణమే లేకపోతే క్రాస్ లోపలి సూదుల బేరింగులు కదలక, ఒకేచోట ఒరుసుకొని గాట్లు పడతాయి.

కోణాలు కుదిరాకే షాఫ్ట్ పొడవు. షాఫ్ట్‌లో ముందుకూ వెనక్కూ జారే గాడుల ముక్కను, అంటే స్ప్లైన్‌ను, పూర్తిగా లోపలికి నెట్టి, 25 మిల్లీమీటర్లు వెనక్కి లాగిన చోటు నుంచి కొలవండి. కోసి అతికించేటప్పుడు రెండు చివరల యోకులు (క్రాస్‌ను పట్టుకునే పంగలు) ఒకే వరుసలో ఉండాలి. పని అప్పగించే ముందు రెండింటి మీదా సుద్దతో గీత గీసి లేత్ మేస్త్రికి చూపించండి. బ్యాలెన్సింగ్ చేయించకుండా షాఫ్ట్‌ను వెనక్కి తెచ్చుకోవద్దు. లారీలకు పేరుపడిన సాలూరు చుట్టుపక్కల వారికి ఈ పని తెలిసిన మేస్త్రీలు దొరకడం కష్టం కాదు.

అన్నీ బిగించాక కోణాలను మరోసారి చూసి, అప్పుడే పూర్తి వెల్డింగ్ పెట్టండి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు విప్పి, మౌంటింగ్ రబ్బర్లను తీసేయాలి. ఆ వేడికి రబ్బరు గట్టిపడితే మొత్తం అమరికే మారుతుంది.

ప్రయోగానికి సాలూరు దాటి సుంకి వైపు ఎక్కే 26వ జాతీయ రహదారి ఘాట్ కంటే మంచి చోటు నాకు తెలియదు. అయితే అంతకుముందు విజయనగరం, రామభద్రపురం మధ్య చదును రోడ్డు మీద గమనించవలసినవి ఉన్నాయి. తొక్కినప్పుడు వచ్చి, కాలు తీయగానే తగ్గే అదురు కోణాలది. న్యూట్రల్‌లో జారుతున్నా అదే వేగం దగ్గర వచ్చేది షాఫ్ట్ బ్యాలెన్సుదో, చక్రాలదో. బండి నిలబడి ఉండగా ఇంజన్ చుట్లను బట్టి వచ్చేది మౌంటింగులది. ఘాట్ ఎక్కి ఆపగానే తాళం తిప్పేయకుండా, ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి టర్బోను చల్లారనివ్వండి. ఆ తర్వాత టార్చి వేసి రిటర్న్ పైపు చివరనూ, చుక్కల వెల్డింగ్ ఉన్న చోట పూర్తి వెల్డింగ్ కలిసిన అంచులనూ చూడండి. అక్కడ సన్నని చీలిక గీత కనబడితే అయిదవ పాఠంలోని రేడియేటర్ పనికి పోకుండా, ముందు ఆ మౌంటింగ్‌ను విప్పి తిరిగి కట్టాలి.