కాలేజీ వెబ్‌సైట్: ఆఫీసులో కొట్టిన నోటీసు ఫోన్‌లో సరిగా కనబడాలంటే

ముందు డొమైన్, అంటే సైట్ చిరునామా. డాట్ ఏసీ డాట్ ఇన్ చిరునామాలు ఇచ్చేది కేంద్ర ఐటీ శాఖ కింది సంస్థ ఈఆర్‌నెట్ ఇండియా. దరఖాస్తులో ఇచ్చే ఈమెయిల్ ప్రిన్సిపాల్ పదవి పేరు మీద ఉండాలి. సైట్ కట్టిన కుర్రాడి సొంత జీమెయిల్ ఇచ్చారంటే, అతను బెంగళూరు ఉద్యోగానికి పోయాక రెన్యువల్ మెయిళ్ళన్నీ అతనికే పోతాయి. ఒక పొద్దున చూస్తే సైట్ ఉండదు.

ఇక తెలుగు. ఆఫీసులో నోటీసులు ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే కొడుతుంటారు. దాన్ని కాపీ చేసి సైట్‌లో పెడితే పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి. అనులో ‘క’ నిజానికి ‘క’ కాదు, వేరే గుర్తు మీద వేసిన తెలుగు బొమ్మ. ఫాంట్ పోతే ఆ గుర్తే మిగులుతుంది. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్లోనైనా తెలుగు తెలుగుగానే కనబడే పద్ధతిలోకి మార్చాక ఒత్తులూ, అంకెలూ ఒకసారి కళ్ళతో చూసుకోవాలి. ఇకమీదటైనా నోటీసు నేరుగా యూనికోడ్‌లో కొట్టించడం మేలు. సైట్‌లోని రాతంతా దాచే డేటాబేస్‌ను యూటీఎఫ్8ఎంబీ4 అనే యూనికోడ్ సెట్టింగ్‌లో పెట్టండి, లాటిన్1 లాంటి పాత సెట్టింగ్‌లో ఉంటే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది. అక్షరం సైజు 17 పిక్సెళ్ళు, వరుస ఎత్తు 1.7 పెట్టండి. ఇంగ్లిష్ పేజీకి సరిపోయే 1.3 ఉంచితే ‘రాష్ట్ర’ కింది ఒత్తులు కింది వరుసలో ‘కీ’ గుడికి తగులుకుంటాయి.

అసలు తలనొప్పి కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్‌కు పంపే లింకులతో. ఏటా పంపే నాణ్యతా నివేదిక ఏక్యూఏఆర్‌లో ఆధారాలుగా మీ సైట్‌లోని పీడీఎఫ్‌ల చిరునామాలు కూడా ఇస్తారు. తర్వాత ఎవరో కొత్త డిజైన్ వేస్తారు, ఫోల్డర్లు మారతాయి, నివేదికలో ఇచ్చిన లింకులన్నీ ‘404’, అంటే పేజీ లేదని చూపిస్తాయి. డిజైన్ మార్చేముందే ఎక్సెల్‌లో ఒక కాలమ్‌లో పాత చిరునామా, పక్క కాలమ్‌లో కొత్తది రాసుకుని, పాతది నొక్కినా కొత్తదానికే తీసుకెళ్ళే 301 రీడైరెక్టులు పెట్టాలి. ఫైలు పేరులో విద్యా సంవత్సరం, న్యాక్ ప్రశ్నకుండే మెట్రిక్ నంబరు ఉంటే చాలు. ఇంగ్లిష్ చిన్న అక్షరాలు వాడాలి, మాటల మధ్య అడ్డగీత పెట్టాలి, ఖాళీలు మాత్రం వద్దు. ‘ఫైనల్’, ‘న్యూ ఫైనల్’ అని పేర్లు పెడితే ఏది అసలుదో ఏడాది తిరిగేసరికి పెట్టినవాళ్ళకే తెలియదు. స్కాన్ 150 డీపీఐ, గ్రేలో చాలు. రంగుల్లో 300 పెడితే ఫైలు బరువెక్కి, డేటా అంతంతమాత్రంగా ఉన్న ఊళ్ళో తెరుచుకోదు.

ఆ ఆధారాల్లోనే విద్యార్థుల ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు ఉంటాయి. పీడీఎఫ్ మీద నల్ల డబ్బా గీస్తే సరిపోదు, దాని కింది నంబరును కాపీ చేసుకోవచ్చు. ఎక్సెల్‌లోనే ఆ కాలమ్ తీసేసి, మళ్ళీ పీడీఎఫ్ చేయండి.

నెల్లూరులో విక్రమ సింహపురి, ఒంగోలులో ఆంధ్రకేసరి, మీది ఏ యూనివర్సిటీ అయినా పరీక్షల టైంటేబుల్‌ను కాపీ చేసి పెట్టుకోవద్దు, లింకు ఇవ్వండి. తేదీలు సవరిస్తే మీ దగ్గర పాతదే ఉండిపోతుంది, పిలకాయలు తప్పు రోజున హాలుకొస్తారు.

సైట్‌ను వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌తో కట్టి ఉంటే, డబ్బు కట్టకుండా ఎక్కడో దించుకున్న దొంగ థీములు (డిజైన్లు) వాడొద్దు. గూగుల్‌లో కాలేజీ పేరు వెతికితే జపనీస్ అక్షరాలు కనబడ్డాయంటే సైట్‌లోకి ఎవరో దూరినట్టే. పాస్‌వర్డ్ మారిస్తే సరిపోదు, దూరకముందు తీసిన బ్యాకప్ నుంచి తిరిగి కట్టాలి. అందుకే వారానికో బ్యాకప్ సర్వర్‌కు బయట ఉండాలి.

సర్వర్‌ను కాలేజీ ల్యాబ్‌లో పెట్టొద్దు. మన నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు, డిసెంబరు మధ్యనే. వాయుగుండం పట్టి కరెంటు పోయిన రోజే సెలవుందా లేదా అని అందరూ సైట్ తెరుస్తారు. హోస్టింగ్, అంటే సైట్ ఉంచే సర్వర్ చోటు, బయట తీసుకుని, ఫోన్‌లోంచి నోటీసు పెట్టగలిగేలా ఇద్దరికి వేరువేరు లాగిన్‌లు ఇవ్వండి, సెప్టెంబరులోనే ఒకసారి పెట్టి చూడమనండి. నోటీసులో ‘రేపు సెలవు’ అని రాయొద్దు, తేదీ, వారం రాయాలి. లేకపోతే మర్నాడు చూసినవాళ్ళకు కూడా అది ‘రేపు’గానే కనబడుతుంది.