కోణాల నిరూపణలు, 3వ పాఠం: ఎదురెదురు కోణాలు ఎందుకు సమానం?

పోయిన పాఠంలో రేఖీయ ద్వయం చూశాం. సరళరేఖ మీది ఒక బిందువు నుంచి కిరణం గీస్తే, దానికి అటూ ఇటూ ఏర్పడే రెండు కోణాల మొత్తం 180°. ఈసారి కొత్తగా ఏమీ అరువు తెచ్చుకోకుండా, ఆ ఒక్క సంగతితోనే ఒక సిద్ధాంతాన్ని నిరూపిద్దాం.

రెండు రేఖలు ఖండించుకునేలా గీయండి. పై కోణానికి 1 అని రాసి, గడియారం ముల్లు తిరిగే వైపుగా 2, 3, 4 వేసుకోండి. ఎదురెదురుగా ఉన్న ∠1, ∠3లను శీర్షాభిముఖ కోణాలు అంటారు. ఇవి సమానమని చూపాలి.

కోణమానినితో కొలిస్తే చాలదా అంటారేమో, చాలదు. కొలత మీరు గీసిన ఆ ఒక్క బొమ్మకే, అదీ ఉజ్జాయింపుగానే చెల్లుతుంది. మనకి కావాల్సింది ఏ రెండు రేఖలు ఎలా ఖండించుకున్నా తప్పకుండా నిలిచేది. యూక్లిడ్ కూడా తన ‘ఎలిమెంట్స్’ మొదటి పుస్తకంలో రేఖీయ ద్వయాన్ని 13వ ప్రతిపాదనగా ముందు తేల్చుకుని, దాన్ని వాడుకునే దీన్ని 15వదిగా నిరూపించాడు.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచక చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ∠1నీ ∠3నీ ఎంతసేపు చూసినా ఏమీ దొరకదు, ఎందుకంటే వాటికి నేరుగా సంబంధం లేదు. రెండింటికీ పక్కన ఉన్న కోణం ఏదో వెతకండి. ∠2 ఉంది కదా, దారి దాని గుండానే.

∠1 + ∠2 = 180° (మొదటి రేఖ మీద రేఖీయ ద్వయం)
∠2 + ∠3 = 180° (రెండో రేఖ మీద రేఖీయ ద్వయం)
∠1 + ∠2 = ∠2 + ∠3 (రెండూ 180°కే సమానం)
∠1 = ∠3 (రెండు వైపులా ∠2 తీసేశాం)

బ్రాకెట్లలోని కారణాలే అసలు నిరూపణ, అవి లేకపోతే మిగిలేవి ఉత్త లెక్కలు. ఇంకో మాట, కారణం దగ్గర "శీర్షాభిముఖ కోణాలు కాబట్టి" అని మాత్రం ఇక్కడ రాయొద్దు, నిరూపించాల్సిందే అది! తర్వాతి లెక్కల్లో నిశ్చింతగా రాసుకోవచ్చు.

ఇప్పుడు మీ వంతు. ∠2 = ∠4 అని చూపండి, ఈసారి మధ్యలో ఏ కోణాన్ని పెట్టుకోవాలో మీరే తేల్చుకోండి. అది అయ్యాక కొంచెం గట్టిది: రేఖీయ ద్వయంలోని రెండు కోణాలకీ సమద్విఖండన రేఖలు (కోణాన్ని సరిగ్గా సగం చేసేవి) గీస్తే వాటి మధ్య కోణం ఎప్పుడూ 90° అని నిరూపించండి. మొదటి కోణంలో సగానికి ∠5, రెండో దానిలో సగానికి ∠6 అని పేర్లు పెట్టి, 180°ని వాటితో ఎలా రాయొచ్చో చూడండి.