కంప్యూటర్‌లో తెలుగు, 4వ పాఠం: ఒక్కో భాషకి ఒక్కో కీ

పోయిన పాఠంలో ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే భాష మారుతుందని ఒక్క ముక్క చెప్పి వదిలేశాను. ఆ ముక్కతో చాలామంది ఇబ్బంది పడ్డారు. ఈసారి వత్తుల పాఠం చెప్పాల్సింది. అది వచ్చే పాఠానికి జరుపుతున్నాను. ముందు దీన్ని సరిచేసుకోకపోతే వత్తులు నేర్చుకున్నా ఉపయోగం లేదు.

బెంగళూరు కె.ఆర్.పురంలో ఉండే ఒకావిడ తమ అపార్ట్‌మెంట్ ఉగాది ఆహ్వానం రెండు పేజీలు టైపు చేశారు. ప్రింటుకి ఇచ్చే ముందు ‘పచ్చడి’ అన్న మాట ఎక్కడెక్కడ ఉందో వెతికితే ఒక్క చోటే ఉందని వచ్చింది. కళ్లెదురుగా నాలుగు చోట్ల కనిపిస్తోంది, వెతికితే మాత్రం దొరకదు. ఆవిడకి టెన్షన్ పట్టుకుని ఫైలు నాకు పంపారు. అక్షరాలు బాగా పెద్దవి చేసి చూశాను. మొదటి ఆరు లైన్లు తెలుగు. ఏడో లైను నుంచి చివరిదాకా కన్నడ అక్షరాలు. మధ్యలో ఫోన్ వస్తే లేచి వెళ్లి, తిరిగి వచ్చి ఆల్ట్ షిఫ్ట్ నొక్కి మొదలుపెట్టారట.

బాబు కన్నడం హోంవర్క్ కోసం వాళ్ల ల్యాప్‌టాప్‌లో కన్నడ కీబోర్డు ఉంది. కర్ణాటకలో 2015 చట్టం తర్వాత బడిలో కన్నడం తప్పనిసరి కాబట్టి, పిల్లలున్న మన ఇళ్లలో చాలా చోట్ల ఉండేదే. నేను దాన్ని లెక్కలోకి తీసుకోకుండా పాఠం రాశాను.

రెండు పేజీలదాకా ఆవిడకి ఎందుకు తెలియలేదో చూడండి. మనం నేర్చుకుంటున్న ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు పద్ధతిలో తెలుగు, కన్నడం లాంటి చాలా భారతీయ భాషలకి ఒకే శబ్దం ఒకే కీ మీద ఉంటుంది. ‘కె’ కీ నొక్కితే తెలుగులోనూ క, కన్నడంలోనూ క. ఇంగ్లీషులో ఉండిపోతే ఈ బాధ లేదు, వెంటనే పట్టుబడుతుంది. ‘తెలుగు’ అని కొడితే తెర మీద ఎల్, జెడ్, ఎన్, జీ, ఐ, జీ అని అర్థంలేని ఆరు అక్షరాలు పడతాయి. కన్నడంలో ఉండిపోతే అలా కాదు. వేళ్లు సరిగ్గానే వెళ్తాయి, చదివితే సరిగ్గానే వినిపిస్తుంది. చిన్న అక్షరాల్లో ర, ల, గ రెండు లిపుల్లోనూ దాదాపు ఒకటే. తలకట్టు దగ్గర తేడా దొరుకుతుంది: మనది టిక్కు మార్కులా పైకి లేస్తుంది, వాళ్లది అడ్డంగా సాగుతుంది. అనుమానం వస్తే కంట్రోల్ పట్టుకుని మౌస్ చక్రం తిప్పి పెద్దది చేసి తలకట్టు చూడండి.

కంప్యూటర్‌కి మాత్రం పోలికలు తెలియవు, అంకెలే తెలుసు. ప్రతి అక్షరానికీ ఒక అంకె ఇచ్చే పట్టిక యూనికోడ్. అందులో తెలుగు క 3093వ స్థానంలో ఉంటే, కన్నడ క సరిగ్గా 128 స్థానాల తర్వాత 3221లో ఉంది. అందుకే తెలుగులో ‘పచ్చడి’ అని వెతికితే కన్నడ లిపిలో ఉన్న పచ్చడి దొరకదు. ఇప్పటికే ఇలా పేజీలు కొట్టేసినవాళ్లు మళ్లీ టైపు చేయకండి. ఒక లిపిలో ఉన్నదాన్ని ఇంకో లిపిలోకి మార్చే అక్షరముఖ అనే ఉచిత సైటులో మొత్తం అతికించి, కన్నడం నుంచి తెలుగుకి మార్చుకోండి. ఉగాది ఆహ్వానం అలాగే బయటపడింది.

ఇక అసలు చిక్కు. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడతాను, నా దగ్గర నేర్చుకునేవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది పడేది ఇక్కడే. ఆల్ట్ షిఫ్ట్ అంటే ‘తెలుగు’ అని కాదు. ‘తర్వాతది’ అని. జాబితాలో రెండే భాషలుంటే తర్వాతది అంటే రెండోదే, కాబట్టి అది తెలుగు కీలాగా అనిపిస్తుంది. మూడోది చేరిన రోజు ఆ నమ్మకం పోతుంది. ఇంగ్లీషు, కన్నడం, తెలుగు ఉన్నాయనుకోండి. ఇంగ్లీషులో ఉండి ఒకసారి నొక్కితే కన్నడం, రెండుసార్లు నొక్కితే తెలుగు. కన్నడంలో ఉండి ఒకసారి నొక్కితే తెలుగు. తెలుగులోనే ఉండి, ఉన్నామో లేదో అని ఒకసారి నొక్కితే ఇంగ్లీషు. ఎన్నిసార్లు నొక్కాలన్నది ఇప్పుడు ఎక్కడ ఉన్నామన్న దాని మీద ఆధారపడుతుంది, అదేమో మనకి గుర్తుండదు. మెజెస్టిక్ బస్‌స్టాండులో నిలబడి నంబరు చూడకుండా తర్వాత వచ్చిన బస్సు ఎక్కినట్టే. కొందరి కంప్యూటర్లలో ఇంగ్లీషే రెండు ఉంటాయి, ఇండియాది ఒకటి, అమెరికాది ఒకటి. అప్పుడు నాలుగు మజిలీలు. ‘నొక్కాను, ఏమీ మారలేదు’ అని రాసినవాళ్లందరిదీ ఇదే కథ. మారింది, ఇంగ్లీషు నుంచి ఇంగ్లీషుకి మారింది.

అందుకని తిప్పే కీని తీసేసి, ఒక్కో భాషకి ఒక్కో కీ పెట్టుకుందాం. ఎక్కడ ఉన్నా, ఎన్నిసార్లు నొక్కినా ఆ భాషే రావాలి.

విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో టైపింగ్, అందులో అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌కి వెళ్లండి. విండోస్ 10 వాళ్లకి టైపింగ్ అన్నది డివైసెస్ కింద ఉంటుంది. అక్కడ ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్ అన్నదాన్ని నొక్కితే పాతకాలం కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. మొదటి వరస ‘బిట్వీన్ ఇన్‌పుట్ లాంగ్వేజెస్’. మనల్ని తిప్పుతున్నది అదే. దాన్ని ఎంచుకుని, చేంజ్ కీ సీక్వెన్స్ నొక్కి, రెండు వైపులా ‘నాట్ అసైన్డ్’ పెట్టండి. ఒక్క వైపే పెట్టి వదిలేయకండి. ఎడమవైపుది భాషల మధ్య తిప్పేది, కుడివైపుది ఒకే భాషలోని రెండు కీబోర్డుల మధ్య తిప్పేది. తెలుగు కింద ఫొనెటిక్ (ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే కీబోర్డు) కూడా చేర్చుకున్నవాళ్లకి ఈ రెండోదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

తర్వాత కింది వరసల్లో ఒక్కో భాషనీ ఎంచుకుని, అదే బటన్ నొక్కి, ఎనేబుల్ కీ సీక్వెన్స్‌కి టిక్కు పెట్టి, ఎడమ ఆల్ట్ షిఫ్ట్‌తో పాటు ఒక అంకె ఇవ్వండి. నాకు ఒకటి తెలుగు, రెండు ఇంగ్లీషు, మూడు కన్నడం. రోజంతా రాసేది తెలుగే కాబట్టి ఒకటి దానికే ఇచ్చాను. మీకు నచ్చినట్టు పెట్టుకోండి, కానీ ఇంట్లో ఉన్న కంప్యూటర్లన్నిటిలోనూ ఒకటే వరస ఉండాలి. వేళ్లకి అలవాటైతే తల పని చేయనక్కర్లేదు.

అక్కడే కంట్రోల్ షిఫ్ట్ కూడా ఇస్తుంది. ఎక్సెల్ వాడేవాళ్లు అది తీసుకోవద్దు. ఎక్సెల్‌లో కంట్రోల్, షిఫ్ట్, 4 అంటే డబ్బు గుర్తు, 5 అంటే శాతం. వైట్‌ఫీల్డ్‌లో అకౌంట్స్ చేసే ఒకబ్బాయి దాచిన కాలమ్స్ తెరవడానికి కంట్రోల్, షిఫ్ట్, సున్నా ఎంత నొక్కినా పనిచేయడంలేదని అడిగాడు. భాషలు తిప్పే ఏర్పాటు ఆ కీలని ముందే పట్టేసుకుంటే అవి ఎక్సెల్ దాకా చేరవు. ఇందాకటి కుడివైపు ‘నాట్ అసైన్డ్’తో అదీ సర్దుకుంటుంది. ఇంకొకటి, ఆల్ట్ అన్న ప్రతిచోటా ఎడమదే. కుడి ఆల్ట్ మనకి కొన్ని ప్రత్యేక అక్షరాల కోసం కావాలి, దాని జోలికి వెళ్లొద్దు.

విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కడం కూడా తిప్పడమే. అయితే తెర మీద జాబితా చూపించి మరీ తిప్పుతుంది కాబట్టి దాన్ని ఉంచుకోండి. వేరేవాళ్ల కంప్యూటర్ దగ్గర కూర్చున్నప్పుడు అదే దిక్కు.

అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్ పేజీలోనే, ఒక్కో యాప్ కిటికీకి ఒక్కో భాష గుర్తుపెట్టుకోమని అడిగే టిక్కు పెట్టె ఉంది. కొందరు వర్డ్‌లో తెలుగు, బ్రౌజర్‌లో ఇంగ్లీషు ఉంటే హాయి అని టిక్కు పెట్టుకున్నారు. నా మాట విని తీసేయండి. పాస్‌వర్డ్ కొట్టేచోట చుక్కలే కనిపిస్తాయి, ఆ కిటికీలో ఏ భాష ఉందో తెలియదు. మూడుసార్లు తప్పు కొట్టి బ్యాంకు అకౌంటు లాక్ అయినవాళ్లని చూశాను. పాస్‌వర్డ్ ముందు ఇంగ్లీషు కీ ఒకసారి నొక్కడం అలవాటు చేసుకోండి. ఇప్పటికే ఇంగ్లీషులో ఉన్నా నష్టం లేదు, ఒక్కో భాషకి ఒక్కో కీలో ఉన్న సుఖం అదే.

మాక్ వాళ్లకి: కంట్రోల్, స్పేస్ నొక్కితే అంతకుముందు వాడిన భాషకి వెళ్తుంది. కన్నడం వాడి ఉంటే కన్నడానికే వెళ్తుందని మరిచిపోకండి.

అభ్యాసం. ఇంట్లో కన్నడ కీబోర్డు లేనివాళ్లు ఈ వారానికి చేర్చుకోండి. గడియారం పక్కన ఉండే భాష గుర్తు కనబడకుండా తెర కింద అంచున చిన్న కాగితం అంటించండి. ఒక లైనులో బెంగళూరు అని తెలుగులో, కన్నడంలో, ఇంగ్లీషులో ఒక్కోసారి రాయండి. తెలుగుకీ కన్నడానికీ కీలు అవే, వరసా అదే, కాబట్టి మీ భాష కీ ఒక్కటే తేడా. ఇలా 20 లైన్లు, వరస మార్చి మార్చి. అయ్యాక తెలుగులో పెట్టుకుని ‘బెంగళూరు’ అని వెతకండి. సరిగ్గా 20 రావాలి. 19 వచ్చినా ఆ ఫైలు చెరిపేసి మొదటి లైను నుంచి మళ్లీ రాయండి. వరసగా మూడు రాత్రులు 20 వచ్చినవాళ్లు వత్తుల పాఠానికి రండి.