స్కూబా సామాను 15 కిలోల్లో ఇమిడేలా

అండమాన్‌కు సొంత స్కూబా (నీటి అడుగున ఊపిరి పీలుస్తూ ఈదే డైవింగ్) సామానుతో వెళ్లేవాళ్లకు తూకమే తలనొప్పి. దేశీయ విమానాల్లో ఎకానమీ టికెట్‌కు మామూలుగా చెకిన్ 15 కిలోలు, చేతి బ్యాగు 7. సిలిండర్, సీసం బరువులు అక్కడే అద్దెకు దొరుకుతాయి, వాటి జోలికి పోవద్దు.

రెగ్యులేటర్‌ను (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) తువ్వాలలో చుట్టి చేతి బ్యాగులో పెట్టండి. గొట్టాలు విరగ మడవొద్దు, వెడల్పుగా చుట్టండి. ఫిన్స్‌ను (ఈదడానికి పాదాలకు తొడిగే రెక్కలు) సూట్‌కేస్‌లో చెరో అంచుకు నిలబెడితే లోపలి సామానుకు గోడల్లా పనిచేస్తాయి. పాదం దూర్చే చోట సాక్సులు కుక్కేయొచ్చు. మాస్క్ దాని డబ్బాలోనే, బీసీడీ (గాలి నింపి తేలడాన్ని అదుపు చేసే జాకెట్) మడతల మధ్య. బీసీడీలో గాలంతా పిండేయాలి, లేకపోతే జిప్పు పడదు. కత్తి చెకిన్‌లోకే. టార్చ్ మాత్రం చేతి బ్యాగులో, లిథియం బ్యాటరీ ఊడదీసి, కొనలకు టేపు అంటించి. హన్మకొండలో ఇల్లు కదలకముందే కొక్కెం కాటాకు తగిలించి చూసుకుంటే శంషాబాద్ కౌంటర్ ముందు బ్యాగులు విప్పే బాధ తప్పుతుంది.

తిరుగు ప్రయాణంలో మాత్రం ఈ లెక్క తప్పుతుంది, తడి వెట్‌సూట్ (ఒంటికి అతుక్కునే డైవింగ్ సూట్) బాగా బరువెక్కుతుంది. వరుస డైవ్‌ల తర్వాత ఎలాగూ కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు కాబట్టి, ఆ టైంలోనే దాన్ని తిరగేసి నీడలో ఆరేయండి.