పల్లీలు పడని రెండేళ్ల బిడ్డ ఉన్న ఇల్లు

రెండేళ్ల బిడ్డకు పల్లీలు పడవని డాక్టరు నిర్ధారించాక చాలా ఇళ్లలో మొదట చేసే ఏర్పాటు, బిడ్డకు విడిగా వండి మిగతావారు ఎప్పటిలాగే తినడం. కాస్త పెద్ద పిల్లల విషయంలో అది సాగుతుందేమో గాని, నేల మీద దొరికినదల్లా నోట్లో పెట్టుకునే వయసులో సాగదు. పైగా మన వంటలో పల్లీ లేనిదెక్కడ? ఇడ్లీ చట్నీలో, పులిహోర పోపులో, గుత్తివంకాయ మసాలాలో, వేపుళ్ల మీద చల్లే పొడిలో అది ఉండనే ఉంటుంది. కనుక తనకు ఏది పడదో బిడ్డ తానే చెప్పగలిగే వరకు ఇంట్లోకి పల్లీలు తేవడమే మానుకోవడం మేలు. రోజుకు మూడు పూటలా కాపలా కాయడం కంటే ఇది సులభం కూడా.

మానేశాక ముందుగా చూడవలసినది మిక్సీ. చట్నీ జారులో బ్లేడు విప్పితే దాని కింద రబ్బరు వాషరు ఉంటుంది. పైకి తళతళలాడే జారులో కూడా ఆ వాషరు అంచున పాత చట్నీ తాలూకు ఎండిన పొర అంటుకొని ఉండవచ్చు. వాషరు మార్చి, జారును సబ్బుతో రుద్ది కడగాలి, లేదా కొత్త జారు కొనాలి. పల్లీలు దంచిన రోలును, పగుళ్లు వారిన చెక్క గరిటెను పక్కన పెట్టడమే మంచిది. అలర్జీ తెచ్చేది పల్లీలోని ప్రొటీను; చేతులకు శానిటైజరు రాసుకుంటే అది పోదు. సబ్బు, నీళ్లతోనే పోతుంది. వేయించినంత మాత్రాన కూడా ఆ ప్రొటీను హానిచేయకుండా పోదు. నూనె విషయంలో, ఇప్పుడు చాలామంది ఇష్టపడి కొంటున్న గానుగ వేరుశనగ నూనెలో ప్రొటీను మిగిలి ఉంటుంది కాబట్టి అది ఈ ఇంటికి తగదు.

చట్నీకి పుట్నాలు, కొబ్బరి ఉన్నాయి. పల్లీ, శనగ రెండూ చిక్కుడు జాతివే అయినా, పల్లీ పడని పిల్లల్లో ఎక్కువమందికి శనగలు పడతాయి. అయితే మీ బిడ్డ సంగతి డాక్టరును అడిగి తెలుసుకోవాలి. పుట్నాలను బండి మీద కొనవద్దు. మరమరాలు, పల్లీలు, పుట్నాలు అన్నీ అక్కడ ఒకే మూకుడులో వేగుతాయి, ఒకే డబ్బాతో కొలుస్తారు. పల్లీలకు బదులు నువ్వులు, జీడిపప్పు వేద్దామనుకునేవారు కూడా అవి బిడ్డకు పడతాయో లేదో ముందు తేల్చుకోవాలి.

ప్యాకెట్ల మీద అలర్జీ కలిగించే పదార్థాలను విడిగా ప్రకటించాలని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబులింగ్ నిబంధనలు చెబుతున్నాయి. ఆ జాబితాలో వేరుశనగ, పాలు, గుడ్డు, సోయా ఉన్నాయి. 'కంటెయిన్స్' (ఇందులో ఉన్నవి) అన్న వరుసతో పాటు 'మే కంటెయిన్' (కలిసి ఉండవచ్చు) అన్న వరుసనూ, కొన్న ప్రతిసారీ చదవాలి, ఎందుకంటే తయారీదారు పదార్థాలను ఎప్పుడైనా మార్చవచ్చు. నువ్వులు మాత్రం ఆ జాబితాలో లేవు. అమెరికాలో ఉంటున్న తెలుగువారికి 2023 నుంచి అక్కడి లేబుళ్ల మీద అవి కనిపిస్తున్నాయి. మిఠాయి దుకాణంలో విడిగా తూచి ఇచ్చే వాటికి లేబులే ఉండదు కనుక అవి బిడ్డకు వద్దు.

అన్నిటికంటే కష్టమైనది వంటగది కాదు, ప్రేమగా ముందుకు వచ్చే చేయి. పల్లీ పట్టీ తిన్న చేత్తోనే తాతగారు బిడ్డకు ముద్ద పెడతారు. సద్దుల బతుకమ్మ నాడు ఎవరో పల్లీ సద్ది ఆ చిన్న అరచేతిలో పెట్టి వెళ్తారు. గుడిలో పులిహోర ప్రసాదాన్ని కాదనడం అపచారంగా తోస్తుంది. "కొంచెం కొంచెం అలవాటు చేస్తే అదే పోతుందమ్మా" అనే మాట ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. వాదించడం కంటే పని అప్పగించడం బాగా పనిచేస్తుంది. "అత్తయ్యా, మీరే పెట్టండి, చేతులు సబ్బుతో కడుక్కొని ఈ డబ్బాలోదే పెట్టండి, ఇంకెవరైనా ఏమైనా ఇస్తే మీరే అడ్డుపడాలి" అని చెబితే, అప్పటిదాకా ఒప్పుకోని అత్తగారే పెళ్లి భోజనాల్లో గట్టి కాపలా అవుతారు. ప్రసాదాన్ని బిడ్డ తరఫున మీరు కళ్లకద్దుకొని తీసుకోండి. అంగన్‌వాడీలోనో ప్లేస్కూల్లోనో అయితే నోటిమాట సరిపోదు; తెలుగులో ఒక కాగితం రాసి, ఫోటో అంటించి ఇవ్వాలి.

ఆ కాగితంలోనే ప్రమాద లక్షణాలు కూడా ఉండాలి. ఒంటి మీద దద్దుర్లు, పెదవుల వాపు చాలాసార్లు ముందుగా కనిపిస్తాయి. దద్దుర్లు లేకుండానే తీవ్రమైన ప్రతిచర్య రావడమూ ఉంది. ఆగని దగ్గు, పిల్లికూత, గొంతు బొంగురుపోవడం, ఒక్కసారిగా వాలిపోవడం, పల్లీ తిన్నాక మాటిమాటికీ వాంతులు కనిపిస్తే అది అత్యవసరం. అప్పుడు ఇవ్వవలసిన మందు అడ్రినలిన్ ఇంజెక్షన్. తొడ బయటి వైపు మధ్యభాగంలో కండరానికి ఇస్తారు. దురద తగ్గించే సిరప్ ఈ ప్రతిచర్యను ఆపలేదు, అది తాగించి చూద్దామని ఆగడమే అసలు ప్రమాదం. తొడకు నొక్కితే మోతాదు దానంతట అదే ఎక్కే ఆటో ఇంజెక్టరు మన ఊళ్లలో ప్రతి మందుల షాపులోనూ దొరకదు కాబట్టి, ఏ రూపంలో, ఎంత మోతాదులో దగ్గర ఉంచుకోవాలో డాక్టరుతో ముందే రాయించుకోవాలి. ఇంటికి దగ్గరలో రాత్రి వేళ కూడా అడ్రినలిన్ ఇవ్వగల ఆసుపత్రి ఏదో కనుక్కొని ఉంచాలి. మందు ఇచ్చి, 108కి ఫోన్ చేసి, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి. ఊపిరి అందకపోతే కూర్చోబెట్టవచ్చు, వాంతులవుతుంటే పక్కకు తిప్పాలి. భుజాన వేసుకొని నిటారుగా ఎత్తుకొని పరుగెత్తడం తల్లిదండ్రులకు సహజమే, కాని అది చేయకూడదు. తేరుకున్నట్టు కనిపించినా కొన్ని గంటల తరువాత లక్షణాలు మళ్లీ రావచ్చు కనుక ఆసుపత్రిలో పరిశీలనలో ఉండాలి.

ఈ అలర్జీ సుమారు ఐదుగురిలో ఒకరికి పెరిగేకొద్దీ పోతుంది. పోయిందా లేదా అన్నది చర్మ పరీక్ష, ఐజీఈ (అలర్జీకి సంబంధించిన యాంటీబాడీ) రక్తపరీక్ష చూసి, అవసరమైతే ఆసుపత్రిలో తినిపించి డాక్టరే తేలుస్తారు. ఇంట్లో ఒక గింజ పెట్టి చూడకూడదు. కొన్ని ల్యాబులు వంద పదార్థాల పేర్లతో ఇచ్చే ఐజీజీ (వేరే రకం యాంటీబాడీ) పానెల్ ఈ పనికి రాదు, దాన్ని నమ్మి పప్పూ పాలూ కూడా మాన్పిస్తే ఎదిగే బిడ్డకు తిండే కరువవుతుంది.