కర్తరి ఎండల్లో వ్యాక్సింగ్, థ్రెడింగ్, లేజర్: చెన్నైలో ఉండేవాళ్లకు జాగ్రత్తలు

మే 4 ప్రాంతంలో చెన్నైలో అగ్ని నక్షత్రం మొదలవుతుంది. మన పంచాంగంలో కర్తరి అదే. మే 28 దాకా ఎండ మాడ్చేస్తుంది, పైగా సముద్రపు ఉక్క. సరిగ్గా అప్పుడే పెళ్లిళ్లూ వస్తాయి, పొట్టి చేతుల బట్టలూ బయటికి వస్తాయి, టీ నగర్‌లోనైనా విల్లివాక్కంలోనైనా పార్లర్లో కూర్చోడానికి చోటుండదు.

వెంట్రుకలు తీయించుకోవడానికి ఏ పద్ధతి మంచిదని చాలామంది అడుగుతారు. నన్నడిగితే, పద్ధతి కన్నా ఆ తర్వాతి రెండు రోజులే ముఖ్యం. వెంట్రుక కుదురుతో సహా ఊడిన చోట చర్మం ఇంకా పచ్చిగానే ఉంటుంది. దాని మీద చెమట, ఎండ, బట్టల రాపిడి పడితే పొక్కుతుంది. పొక్కు నాలుగు రోజుల్లో తగ్గుతుంది గానీ, చామనఛాయ ఒంటి మీద అది వదిలే నల్లమచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. అందుకే పెళ్లి ముందు రోజు కొత్త పద్ధతేదీ మొదటిసారి ప్రయత్నించకండి. కనీసం రెండు వారాల ముందే ఒకసారి చేయించుకుని, ఒంటికి పడుతుందో లేదో చూసుకోండి.

వ్యాక్సింగ్‌కు వెంట్రుక బియ్యపు గింజంత, అంటే సుమారు 6 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకన్నా పొట్టిగా ఉంటే ఊడదు, మధ్యలో తెగి, తర్వాత చర్మం లోపలికే ముడుచుకుని పెరుగుతుంది. పార్లర్లో పుల్ల మీద కన్నేసి ఉంచండి. మీ చేతికి రాసిన పుల్లనే మళ్లీ డబ్బాలో ముంచుతున్నారంటే, అంతకుముందు వచ్చినవాళ్లకూ అలాగే చేసి ఉంటారు, వాళ్ల చర్మం మీది క్రిములు మీకూ అంటొచ్చు. ముంచిన ప్రతిసారీ కొత్త పుల్ల వాడమని మొహమాటం లేకుండా అడగండి. వ్యాక్స్ ఎంత వేడిగా ఉందో ముందు మణికట్టు లోపలి వైపు కొంచెం రాసి చూడమనండి. చురుక్కుమంటే ఆగమని చెప్పండి.

ఇంకో సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు, ఆపి ఆరు నెలలు కానివాళ్లు వ్యాక్సింగ్ జోలికే వెళ్లకూడదు. చర్మమే లేచొస్తుంది. మొటిమలకో ముడతలకో ముఖానికి రెటినాల్, అడాపలీన్ లాంటి క్రీములు రాసేవాళ్లు కనీసం వారం ముందు ఆపాలి. తెల్లబడతామని డాక్టర్ చీటీ లేకుండా మెడికల్ షాపులో కొని రాసుకునే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి అవి రాసిన ముఖం పల్చబడిపోతుంది, దాని మీద వ్యాక్స్ పెడితే పుండు పడుతుంది. ఇలాంటివి పార్లర్ వాళ్లు అడగరు, మీరే చెప్పాలి. షుగర్ ఉన్నవాళ్లు, కాళ్ల మీద నరాలు ఉబ్బినవాళ్లు డాక్టర్ని అడక్కుండా కాళ్లకు వ్యాక్సింగ్ చేయించుకోవద్దు.

చేయించుకున్న రోజు వేడినీళ్ల స్నానం, జిమ్, స్విమ్మింగ్, చంకల్లో డియోడరెంట్, సున్నిపిండి రుద్దడం ఏవీ వద్దు. వదులైన నూలు బట్టలు వేసుకోండి. మంటగా ఉంటే గుడ్డలో చుట్టిన ఐసు అద్దితే చాలు. పార్లర్‌కు సాయంత్రం ఎండ తగ్గాక వెళ్లండి. మిట్టమధ్యాహ్నం చేయించుకుని కిక్కిరిసిన బస్సులో చెమటలు కక్కుతూ ఇంటికి వస్తే, రాత్రికల్లా ఒక్కో కుదురు దగ్గర ఒక్కో ఎర్ర పొక్కు లేస్తుంది.

రేజర్‌తో గీస్తే వెంట్రుకలు మందంగా వస్తాయన్న భయం అక్కర్లేదు. కొస మొద్దుగా తెగడం వల్ల గరుకుగా తగులుతాయి, అంతే. స్నానం అయ్యాక, నురగ పెట్టి, వెంట్రుక వాలిన వైపే గీయండి. ఐదారుసార్లకు బ్లేడు మార్చండి. అక్కాచెల్లెళ్లయినా సరే, ఒకరి రేజర్ ఇంకొకరు వాడొద్దు. హెపటైటిస్ బి అంటుకునే దారుల్లో అదొకటి.

హెయిర్ రిమూవల్ క్రీములు ఘాటైన క్షారం. వెంట్రుకను కరిగించే మందు చర్మాన్నీ వదలదు. ముందు రోజు మోచేతి లోపల కొంచెం రాసి చూడండి, పెట్టె మీద రాసిన నిమిషాలు దాటనివ్వకండి. థ్రెడింగ్‌లో దారాన్ని నోట్లో కాకుండా మెడకు కట్టుకోమనండి.

ఇక లేజర్. వెంట్రుకలోని నల్లరంగు ఆ వెలుతురును పీల్చుకుని వేడెక్కడంతో కుదురు దెబ్బతింటుంది. అదే రంగు మన చర్మంలోనూ ఉంది, అందుకే మనకు కాలిన మచ్చల ముప్పు ఎక్కువ. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ మెషీన్ మన రంగుకు మిగతావాటి కన్నా సురక్షితం. ఏ మెషీనో, నడిపేది ఎవరో అడిగాకే డబ్బు కట్టండి. ఎండకు కమిలిన చర్మం మీద చేయించుకోకూడదు కాబట్టి మే నెలలో మొదలుపెట్టడం తెలివైన పని కాదు. మార్గళి కచేరీల వేళ, అంటే డిసెంబరు మధ్యలో మొదలుపెడితే, నాలుగైదు వారాలకో సిట్టింగ్ చొప్పున ఎండలు ముదిరేలోపు సగం దాటుతాయి. ముందు నెల రోజులు వ్యాక్సింగ్, థ్రెడింగ్ ఆపాలి, గీసుకోవచ్చు. తెల్ల వెంట్రుకల మీద లేజర్ పనిచేయదు. దవడ కింది సన్నని నూగు మీద వేస్తే కొందరికి ఇంకా ఒత్తుగా పెరుగుతుంది. శాశ్వతంగా పోతాయని ఎవరన్నా నమ్మకండి, బాగా తగ్గుతాయి.

గడ్డం మీద గరుకు వెంట్రుకలు కొత్తగా వస్తూ, నెలసరి కూడా తప్పుతుంటే పార్లర్ కన్నా ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పీసీఓఎస్, అంటే హార్మోన్లు అదుపు తప్పే అండాశయాల సమస్య అయ్యుండొచ్చు. వ్యాక్సింగ్ అయ్యాక పొక్కుల్లో చీము పట్టినా, ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా ఇంట్లో ఆయింట్‌మెంట్లతో కాలం గడపొద్దు. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న పెద్దాసుపత్రిలో చర్మ విభాగం ఉంది, పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ తీసుకోండి.