ఫెల్ట్ మోదుగుపువ్వు – మూడో పాఠం: చిలకముక్కు కుట్టడం

పోయిన పాఠంలో ఫెల్ట్ (పీచుని అదిమి చేసిన మెత్తటి గుడ్డ) నుంచి కత్తిరించిన ముక్కలు బయటికి తీయండి. నారింజ రంగువి అయిదు, ముదురు గోధుమ రంగుది ఒకటి ఉండాలి. మోదుగుపువ్వుకి రేకులు అయిదే: వెనక నిలబడే పెద్ద రేకు, పక్కల రెండు, ముందుకు వంగి ఒకదానికొకటి అతుక్కుని ఉండేవి రెండు. ఈ చివరి రెండూ కలిస్తేనే చిలకముక్కు. ఈ పాఠమంతా దాని గురించే. అది కుదిరిందంటే మిగతాది సులువు.

వంపు మీద అనుమానముంటే చెట్టునే అడగండి. మహారాష్ట్రలో మన నాందేడ్ వైపు కిన్వట్, మాహూర్ అడవుల్లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకులు రాలిన కొమ్మల నిండా ఈ పూలే. హోలీ రంగు కోసం పిల్లలు ఏరుకొచ్చినవాటిలో ఒకటి ఉడకబెట్టకుండా దాచుకున్నా చాలు. దాన్ని పక్కనుంచి చూడండి. మన ముక్క పొడవు 6 సెంటీమీటర్లు, అసలు పువ్వు కంటే కాస్త పెద్దదే. ఇంకా చిన్నగా కత్తిరిస్తే కొసలోకి దూది దూరదు.

ఎంబ్రాయిడరీ దారంలో 6 పోగులుంటాయి. మూరెడు తుంచి 2 పోగులు తీసుకోండి. రెండూ ఒకేసారి లాగితే చిక్కుపడతాయి, ఒక్కొక్కటే లాగి తర్వాత కలపండి. మూర కంటే పొడుగు పెట్టుకుంటే సూదికి మళ్ళీ ఎక్కించే పని తగ్గుతుందని ఆశ పుడుతుంది గానీ, ఫెల్ట్‌లో రాసుకుని రాసుకుని దారం నూగులేస్తుంది. రంగు ఫెల్ట్ కంటే ఒక్క ఛాయ ముదురుగా ఉంటే బాగుంటుంది. నల్లదారం వద్దు. అది వేస్తే ముందు కుట్టే కనిపిస్తుంది, పువ్వు తర్వాత.

కుట్టు పేరు బ్లాంకెట్ కుట్టు. కాజాలు కుట్టడం తెలిసినవాళ్ళకి చెయ్యి దానంతటదే తిరుగుతుంది. కాజాలో కుట్లు ఆనుకుని ఉంటాయి, ఇక్కడ 3 మిల్లీమీటర్ల ఎడం ఉంచుతాం. ఫెల్ట్ నేసిన బట్ట కాదు, అంచుల్లో పోగులు ఊడవు. అందుకే మడత వేయం, తిరగేయం, కుట్టు బయటికే కనిపిస్తుంది.

రెండు ముక్కల్నీ జత చేసి పట్టుకోండి. మొదలు దగ్గర, బయటి వంపు వైపు, సూదిని రెండు పొరల మధ్యనుంచి ముందు ముక్కలోకి తీయండి. ముడి లోపలే ఉండిపోతుంది. తర్వాత 3 మిల్లీమీటర్లు పక్కకి జరిగి, అంచుకి అంతే లోపల, ముందునుంచి వెనక్కి గుచ్చండి. దారం మొత్తం లాగేయకుండా చిన్న ఉచ్చు మిగల్చండి. వెనకనుంచి ఆ ఉచ్చులోకి సూది పోనిచ్చి లాగండి. దారం అంచు మీద పడుకుందా? అదే కుట్టు. అంచు ముడతపడితే ఎక్కువ లాగారన్నమాట, సూదితో కాస్త సడలించండి.

కొస దగ్గర చాలామంది కంగారుపడతారు. టెన్షన్ అక్కర్లేదు. ఒకే రంధ్రంలోంచి మూడు కుట్లు వేయండి: ఒకటి ఇటు, ఒకటి సూటిగా కొస మీద, ఒకటి అటు. మూడింటినీ మెల్లగానే లాగండి, లేకపోతే రంధ్రం సాగిపోతుంది.

ఇప్పుడు ఆగండి. లోపలి వంపు కుట్టకముందే కొసలో దూది పెట్టాలి, చివర్లో పెడదామంటే అక్కడిదాకా చేరదు. మన నాందేడ్ జిల్లాలో పత్తికి కరువేముంది, కానీ ఉండలా దూర్చకండి. వేళ్ళతో బాగా ఏకి, చిటికెడు చిటికెడుగా అగ్గిపుల్ల వెనకవైపుతో నెట్టండి. నాలుగైదు కుట్లకోసారి ఇంకాస్త. నొక్కితే మెత్తగా దిగాలి. బిగించి నింపితే కుట్ల మధ్యనుంచి దూది తెల్లగా తొంగిచూస్తుంది.

అసలు కిటుకు లోపలి వంపులోనే ఉంది. బయటి వంపు మీద దారాన్ని వదులుగా ఉంచాం కదా, ఇక్కడ ప్రతి కుట్టునీ కొంచెం బిగించండి. అంచు పొట్టిదై, కొస దానంతటదే లోపలికి వంగుతుంది. కత్తెరతో ఎంత జాగ్రత్తగా కోసినా రాని వంపు ఇది.

మొదలు దగ్గర వేలెడు సందు కుట్టకుండా వదిలేయండి, దారం కూడా తెంచకండి. వచ్చే పాఠంలో గోధుమ రంగు ముక్కని దాని చుట్టూ గిన్నెలా చుట్టి, పక్క రేకులు అతుకుతాం. గుత్తి కావాలనుకునేవాళ్ళు ఈలోగా ఇలాంటివే ఇంకో రెండు ముక్కులు కుట్టి ఉంచుకోండి. ఉగాదికి మామిడాకుల తోరణం పక్కన కట్టుకుంటారో, పక్కింటి మరాఠీవాళ్ళతో కలిసి, వాళ్ళ ఉగాది అయిన గుడి పాడ్వాకి ఇంటి ముందు నిలబెట్టే కర్రకి కడతారో ఇప్పుడే అనుకోండి. కర్రకైతే వేలాడే దారం జానెడు ఎక్కువ కావాలి.